కొండెక్కడం అంటే

మా ఊరు చిల్పూర్. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి ఆటో పట్టుకుంటే కాసేపట్లో గుట్ట కనబడుతుంది. గుట్ట మీద వేంకటేశ్వరస్వామి గుడి. తిరుపతిలో ఉన్న దేవుడే, కానీ మా దగ్గర ఆయన పేరు బుగులు వేంకటేశ్వరస్వామి. బుగులు అంటే భయమూ, దిగులూ, లోపల్లోపల కొట్టుకునే గుబులూ, అన్నీ కలిసిన మాట. పెళ్లికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పు తీర్చే దారి తోచక, బుగులు పట్టుకుని ఈ గుట్ట గుహలోకి వచ్చి కూర్చున్నాడని కథ. చిన్నప్పుడు మెట్ల మీంచి కిందికి చూసి నేను ఏడుపందుకుంటే మా బాపమ్మ ఈ కథే చెప్పేది. "దేవునికే బుగులైంది బిడ్డా, నీకు కాదా? మెల్లగ ఎక్కు" అనేది.

పోయిన చలికాలం ఊరికెళ్లినప్పుడు అదే గుట్ట మీద కూర్చుని హెచ్.డబ్ల్యూ. టిల్మన్ పుస్తకం 'ది అసెంట్ ఆఫ్ నందాదేవి' రెండోసారి చదివాను. 1937లో వచ్చిన పుస్తకం. పర్వతారోహణ సాహిత్యం ఇష్టపడేవాళ్లు నెత్తిన పెట్టుకునే పుస్తకాల్లో ఒకటి. నేను దాన్ని మళ్లీ తెరవడానికి కారణం మాత్రం టిల్మన్ కాదు, పన్నెండు పదమూడేళ్ల వయసున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న.

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, కూలి చేసుకునే తల్లిదండ్రులు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. అప్పటికి ఆమె వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన ఆడపిల్లల్లో అందరికంటే చిన్నది. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా నుంచి సాధనపల్లి ఆనంద్ కుమార్. వారం తిరక్కుండానే నేనొక వ్యాసం రాశాను. చాలా మెచ్చుకోళ్లు వచ్చాయి. స్కూళ్లు తెరిచాక మా వైపు ఒక బడిలో దాన్ని పిల్లలకి చదివి వినిపించమన్నారు. చదివాను, చప్పట్లు కొట్టారు. చివర్లో వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "సార్, మరి కిందికెట్ల దిగింది?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఎక్కినట్టే దిగింది అన్నాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక నా వ్యాసం తీసి చూసుకున్నాను. అందులో పూర్ణ శిఖరం మీదే ఆగిపోయింది. నేను ఆమెను దింపలేదు. ఇంకా చూస్తే, ఆమె భయపడినట్టు ఒక్క మాట లేదు. ఆమె ముందు తాడు కట్టినవాళ్లు లేరు, మూటలు మోసినవాళ్లు లేరు. ఆమెకో సింహాసనం వేసి కూర్చోబెట్టి నేను చేతులు దులుపుకున్నాను.

సింహాసనం అన్నది ఊరికే కాదు. మన పత్రికలు పర్వతారోహకుల గురించి రాసేటప్పుడు వాడే క్రియలు చూడండి. అధిరోహించింది, జయించింది, పాదాక్రాంతం చేసుకుంది. మొదటిది రాజు సింహాసనానికి వాడే మాట. మూడోది ఓడిపోయిన రాజ్యానికి వాడేది. కొంచెం కవిత్వం కావాలనుకున్నవాళ్లు "ముద్దాడింది" అంటారు. ఈ నాలుగూ నా వ్యాసంలో ఉన్నాయి. వాడుక తెలుగులో కొండకి ఉన్న అర్థాలు వేరు. ధరలు కొండెక్కాయి అంటే అందకుండా పోయాయని. దీపం కొండెక్కింది అంటే ఆరిపోయిందని. మా ఊళ్లో ఎవరూ గుట్టని అధిరోహించరు. "గుట్టకు పోయొచ్చినం" అంటారు. అందులో పోవడం ఎంతో రావడం అంతే. ఆ అమ్మాయి అడిగింది ఈ భాషలోంచే అని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇక నందాదేవి. ఎత్తు 7,816 మీటర్లు. ఉత్తరాఖండ్‌లో, గఢ్వాల్ కుమావూన్ల మధ్య ఉంటుంది. పూర్తిగా మన దేశంలోనే ఉన్న శిఖరాల్లో ఇదే ఎత్తైనది. ఎవరెస్ట్ లాగా ఏటా వందలమంది వరస కట్టి ఎక్కే కొండ కాదు. అసలు దాని కాళ్ల దగ్గరికి చేరడమే ఒక చరిత్ర. చుట్టూ దాదాపు నూట పది కిలోమీటర్ల పర్వతాల గోడ. ఆ గోడకి ఒకే ఒక్క సందు, ఋషిగంగ లోయ. 1883లో గ్రాహం ప్రయత్నించాడు, 1905లో లాంగ్‌స్టాఫ్, 1932లో రట్లెడ్జ్. ఎవరూ ఆ పళ్లెంలోకి దిగలేకపోయారు. 1934లో ఎరిక్ షిప్టన్, టిల్మన్, వాళ్లతో అంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్ అనే ముగ్గురు షెర్పాలు, మొత్తం ఐదుగురు ఆ లోయ గోడలు పట్టుకుని పాకుతూ లోపలికి చేరారు. రెండేళ్ల తర్వాత, 1936 ఆగస్టు 29న, బ్రిటిష్ అమెరికన్ బృందంలోంచి టిల్మన్, నోయెల్ ఓడెల్ శిఖరం చేరారు. 1950లో ఫ్రెంచివాళ్లు అన్నపూర్ణ ఎక్కేదాకా మనిషి కాలు పెట్టిన అత్యంత ఎత్తైన శిఖరం అదే. తమాషా ఏంటంటే, అదే ఏడాది ఎవరెస్ట్‌కి వెళ్లిన బ్రిటిష్ బృందంలో ఈ ఇద్దరికీ చోటు దొరకలేదు.

టిల్మన్ పుస్తకం ఎందుకు బాగుంటుందంటే, అందులో సింహాసనం లేదు. వాక్యం పొట్టిగా ఉంటుంది, హాస్యం పొడిగా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం తన మీదే. బృందానికి మొదట నాయకుడే లేడు. కొండ మీద ఓట్లేసి టిల్మన్‌ని ఎన్నుకున్నారు. శిఖరానికి వెళ్లాల్సిన జంటలో అసలు టిల్మన్ లేడు. చార్లెస్ హ్యూస్టన్ డబ్బా మాంసం తిని జబ్బుపడితే అతని బదులు పైకి వెళ్లాడు. శిఖరం మీద ఇద్దరూ చేతులు కలుపుకున్న సంగతి, ఏదో తప్పు చేసి ఒప్పుకుంటున్నట్టు చెప్తాడు. మన పత్రికల భాష తిని తిని ఉన్నవాడికి ఇది మంచినీళ్లు తాగినట్టుంటుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు అలాగే అనిపించింది. ఇలా రాయాలి కదా అనుకున్నాను.

రెండోసారి చదివినప్పుడు మాత్రం బాపమ్మ మాట అడ్డం పడింది. ఈ పుస్తకంలో బుగులు ఎక్కడ?

చలి ఉంది, ఆకలి ఉంది, కాళ్ల కింద జారే రాయి ఉంది. కానీ భయం దగ్గరికి రాగానే టిల్మన్ ఒక జోకు వేసి పక్కకి తప్పుకుంటాడు. ఇది వినయమే కావచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుర్రతనంలోనే కందకాల్లో పోరాడి వచ్చిన మనిషి, భయం గురించి మాట్లాడకపోవడం అతని తరం మర్యాద. కానీ ఆ మర్యాదకి ఒక ఖర్చుంది. ఆ యాత్రలో షెర్పాలు చాలామంది జబ్బుపడి పై క్యాంపులకి రాలేకపోయారు. వాళ్లలో కితార్ అనే అతను బేస్ క్యాంపులోనే చనిపోయాడు. అంతకు రెండేళ్ల ముందు, 1934లో, నంగాపర్బత్ మీద ఎంతోమందిని చంపిన తుఫాను నుంచి ప్రాణాలతో దిగొచ్చిన మనిషి అతను. పుస్తకంలో ఆ చావుకి దొరికిన చోటు చాలా చిన్నది. తన భయాన్ని జోకు కింద దాచుకున్న రచయిత, పక్కవాడి చావుని కూడా అదే గొంతుతో చెప్పాల్సి వస్తుంది. వేరే గొంతు అతని దగ్గర లేదు. గొప్పలు చెప్పుకోని శైలి కూడా మనుషుల్ని చెరిపేయగలదని నేను అక్కడ నేర్చుకున్నాను. మన పత్రికలు కేకలు వేసి చేసే పనిని టిల్మన్ గొంతు తగ్గించి చేశాడు.

ఈ విషయంలో షిప్టన్ 1936లో అచ్చేసిన 'నందాదేవి' నాకు ఎక్కువ నచ్చుతుంది. 1934 యాత్ర కథ అది. ఐదుగురే కాబట్టి అందరూ మోశారు, అందరూ ఒకే తిండి తిన్నారు. అంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్ అందులో మూటలు మోసే భుజాలు కారు. వాళ్లకి స్వభావాలున్నాయి, కోపాలున్నాయి, దారి వెతకడంలో అభిప్రాయాలున్నాయి. యజమాని చూపు పూర్తిగా పోయిందని అనను. కానీ పుస్తకం మూసేశాక ఐదుగురూ గుర్తుంటారు. బృందం చిన్నదైతే పేర్లు మర్చిపోవడం కష్టం.

తర్వాతి కాలం పుస్తకాలు భయాన్ని దాచలేదు. అమెరికన్ ఆరోహకుడు విల్లీ అన్‌సోల్డ్ కుర్రవాడిగా ఉన్నప్పుడు నందాదేవిని దూరం నుంచి చూసి, కూతురు పుడితే ఆ పేరే పెట్టుకోవాలనుకున్నాడు. పెట్టుకున్నాడు. 1976లో ఇరవై రెండేళ్ల నందాదేవి అన్‌సోల్డ్, తండ్రితో కలిసి ఆ కొండకే వచ్చి, పై క్యాంపులో జబ్బుపడి, తండ్రి కళ్ల ముందే చనిపోయింది. అదే బృందంలో ఉన్న జాన్ రోస్కెలీ ఆ కథని 1987లో పుస్తకంగా రాశాడు. నిండా కీచులాటలు, అనుమానాలు, నేను ముందే చెప్పాను కదా అనే ధోరణి. చదువుతుంటే చిరాకేస్తుంది. అయినా టిల్మన్ దాటేసిన చోట ఇతను ఆగుతాడు. కొండ మీద మనుషులు భయపడతారని, భయంలో చిన్నబుద్ధి చూపిస్తారని ఈ పుస్తకం ఒప్పుకుంటుంది. శైలిలో టిల్మన్‌కి ఆమడ దూరం. నిజాయితీలో మాత్రం కొన్ని పేజీల్లో ముందుంటుంది.

బుగులు కథలో రెండో సగం అప్పు. స్వామికి బుగులెందుకంటే బాకీ ఉంది కాబట్టి. నందాదేవి చరిత్రని అప్పుల చిట్టాగా చదివితే వేరే కథ కనబడుతుంది. 1965లో చైనా అణుపరీక్షల మీద కన్నేయడానికి అమెరికా సీఐఏ, మన ఇంటెలిజెన్స్ బ్యూరో కలిసి, ప్లుటోనియంతో నడిచే ఒక పరికరాన్ని ఆ శిఖరం మీద పెట్టాలనుకున్నాయి. వాతావరణం చెడిపోతే మధ్యలోనే కట్టిపెట్టి దిగొచ్చారు. మరుసటేడు వెళ్లి చూస్తే అది అక్కడ లేదు. ఈనాటికీ దొరకలేదు. 1978లో సంగతి బయటపడితే ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఒప్పుకోవాల్సి వచ్చింది. అది మోసింది కూడా కూలివాళ్లూ షెర్పాలే. 1981లో రేఖా శర్మ, హర్షవంతి బిష్త్, చంద్రప్రభా ఐత్వాల్ శిఖరం చేరారు. 1983లో ఆ లోపలి లోయని మూసేశారు. 1988లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అడవికి మంచిదే. కానీ లాతా, రేణి లాంటి ఊళ్లవాళ్లకి పశువుల మేతా, యాత్రలకి మోతపనీ రెండూ పోయాయి. రేణి అంటే 1974లో గౌరాదేవి, ఊరి ఆడవాళ్లూ చెట్లని కావలించుకుని నరకనివ్వకుండా ఆపిన ఊరు. 2021 ఫిబ్రవరి 7న ఋషిగంగకి వచ్చిన వరద ఆ ఊరి మీదుగానే పోయింది. రెండు వందలమందికి పైగా చనిపోయారు, కొందరి ఆచూకీ దొరకలేదు. చాలామంది కింద కడుతున్న కరెంటు ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లు. కొండ పుస్తకాల్లో వీళ్లు మొదటి అధ్యాయంలో మూటలెత్తుకునేటప్పుడు కనబడతారు, చివరి అధ్యాయంలో కూలి డబ్బులు తీసుకునేటప్పుడు కనబడతారు. మధ్యలో ఉన్నదంతా శిఖరం.

ఇదంతా చదివాక మళ్లీ పూర్ణ దగ్గరికి వచ్చాను. 2017లో రాహుల్ బోస్ తీసిన 'పూర్ణ' సినిమా మళ్లీ చూశాను. అందులో నాకు నచ్చిన సగం, కొండ కనబడని సగం. పూర్ణకీ ఆమె అక్క వరసైన ప్రియకీ మధ్య స్నేహం, స్కూల్లో ఫీజు కట్టలేక ఊడ్చే పని చేయడం, చిన్నతనంలోనే అక్కకి పెళ్లి. అక్కడ బుగులు ఉంది. తనకీ అదే జరుగుతుందేమోనన్న బుగులు. దాన్ని సినిమా అరవకుండా చూపించింది, అదితీ ఇనామ్‌దార్ చక్కగా చేసింది. ఎవరెస్ట్ దగ్గరికి వచ్చేసరికి సినిమాకి తొందర పట్టుకుంది. జెండా వైపు పరిగెత్తింది. ఇంకో ఇబ్బంది, పాకాల తండా పిల్లలు హిందీలో మాట్లాడటం. హిందీ సినిమా కాబట్టి తప్పదు అనొచ్చు. కానీ ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, శిక్షణలో హిందీ, టిబెట్‌లో ఏదీ పనికిరాని స్థితి. ఒక పదమూడేళ్ల పిల్ల ఇన్ని భాషలు దాటుకుంటూ పైకి వెళ్లింది. అది కూడా ఒక ఎత్తే. సినిమా ఆ ఎత్తుని ఒకే భాషతో చదును చేసేసింది.

సినిమాని అనడం తేలిక. నా వ్యాసంలో ఏం లేదో ఇప్పుడు చెప్తాను.

వాళ్లు టిబెట్ వైపు నుంచి, ఉత్తరం దారిలో వెళ్లారు. సరదాకి కాదు, నేపాల్ పదహారేళ్లలోపు వాళ్లకి అనుమతి ఇవ్వదు కాబట్టి. 1924లో మాలరీ, ఇర్విన్ మాయమైపోయిన వైపు అది. వాళ్లని చివరిసారి చూసిన మనిషి, తర్వాత నందాదేవి ఎక్కిన ఓడెలే. పూర్ణ వాళ్లు ఎవరెస్ట్ యాత్రలో ఉండగానే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబూ మంచుజలపాతం దగ్గర మంచుచరియ విరిగిపడి పదహారుమంది చనిపోయారు. అందరూ ఇతరుల కోసం తాళ్లూ నిచ్చెనలూ కట్టి, సామాన్లు మోసే పనిలో ఉన్నవాళ్లే. అటువైపు ఆ ఏటి యాత్రలు దాదాపు ఆగిపోయాయి. ఇటువైపు ఇద్దరు పిల్లలు ముందుకే వెళ్లారు. దారిలో శవాలు చూశానని పూర్ణ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. నేను వ్యాసం రాసిన రోజుకి ఆ పదహారుమంది వార్త నాకు తెలుసు. పేపర్లో చదివాను. అయినా రాయలేదు. రాస్తే విజయం మీద మచ్చ పడుతుందనుకున్నాను.

మచ్చ పడదని ఇప్పుడు అనుకుంటున్నాను. శవాల పక్కనుంచి నడిచిన పదమూడేళ్ల పిల్లకి బుగులు కాలేదని రాయడమే ఆమెని తక్కువ చేయడం. వాళ్లిద్దరూ పైకి అంబేడ్కర్ ఫొటో, ఎస్.ఆర్. శంకరన్ ఫొటో తీసుకెళ్లారు. దీన్ని కూడా నేను అప్పట్లో ఒక నినాదంలా రాసి వదిలేశాను. అది బాకీ ఒప్పుకోవడం అని నాకు తట్టలేదు. సంక్షేమ హాస్టళ్ల కోసం, వెట్టిచాకిరీ నుంచి మనుషుల్ని విడిపించడం కోసం పనిచేసిన ఒక ఐఏఎస్ అధికారి ఫొటోని ఎవరెస్ట్ మీదికి మోసుకెళ్లడమంటే, మేం ఇక్కడిదాకా ఎవరి భుజాల మీద వచ్చామో మాకు తెలుసు అని చెప్పడం. టిల్మన్‌కి రాని పని, నాకు రాని పని, ఆ పిల్లలకి వచ్చింది. వాళ్లు పేర్లు మర్చిపోలేదు.

మనకి యాత్రల గురించి రాయడం చేతకాదని కాదు. ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, దారిలో బస ఎక్కడ దొరుకుతుందో, సరుకులు ఎలా ఉంటాయో, ఏ నది ఎలా దాటాలో అన్నీ రాసుకున్నాడు. ఆయన రాసింది చదివి ఇంకొకరు వెళ్లి రావచ్చు. ఆ శ్రద్ధ మనకి కొత్తది కాదు. కొండ దగ్గరికి వచ్చేసరికి దాన్ని పక్కన పెట్టి శాసనాల భాష ఎత్తుకుంటున్నాం. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాల్ని 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి చనిపోయాడు. ఆయన ఎక్కినప్పుడు వాడిన మాటలే చనిపోయినప్పుడూ వాడాం. పదాలు మార్చాల్సిన అవసరం కూడా రాలేదు మనకి. ఆ మాటల్లో మనిషి లేడనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

పుస్తకం మూసి గుట్ట దిగుతుంటే సాయంత్రం అయింది. నా ముందు ఒక పెద్దావిడ, పక్కన మనవరాలు. పిల్ల రెండేసి మెట్లు దూకుతోంది. "ఎక్కేటప్పుడు దమ్మైతది, దిగేటప్పుడే బిడ్డా మోకాళ్లు వణికేది, చూస్కుంట దిగు" అంటోంది ఆవిడ. పర్వతారోహకులందరూ చెప్పే మాటే అది. ప్రమాదాలు ఎక్కువగా దిగేటప్పుడే జరుగుతాయి. ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, ఆక్సిజన్ అయిపోతుంటుంది, మనసు అప్పటికే ఇంటికి చేరిపోయి ఉంటుంది.

వెనక బెంచీలోంచి లేచిన ఆ అమ్మాయికి పన్నెండేళ్ల క్రితం నేనీ మాట చెప్పి ఉండాల్సింది. పూర్ణ దిగింది. అలిసిపోయి, భయపడుతూ, తనకంటే ముందు ఇతరులు కట్టిన తాడు పట్టుకుని, శవాల్ని మళ్లీ దాటుకుంటూ దిగింది. ఎక్కడం కంటే అది తేలిక కాదు.